ఇంటి తెలుగుతో షార్ట్‌హ్యాండ్ నేర్చుకోవడం ఎలా?

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో పెరిగినవారికి చెవి చిన్నప్పుడే పదునెక్కుతుంది. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషో హిందీయో. ఎదుటివారు నోరు తెరవగానే ఏ భాషలో జవాబివ్వాలో తెలిసిపోతుంది. షార్ట్‌హ్యాండ్‌కు, అంటే మాట్లాడే వేగంతో గీతలూ చుక్కలతో రాసే లిపికి, కావలసిన మొదటి పెట్టుబడి ఇదే. నేను చెప్పబోయే రకంలో స్పెల్లింగు ఉండదు, ఒత్తులు, గుణింతాలు ఉండవు. ఏ ధ్వని వినిపిస్తే దాని గీత పడుతుంది, అంతే. తెలుగు మాట్లాడటం వచ్చి, ఒడియా మీడియంలో చదువుకున్నందువల్ల తెలుగు చదవడం, రాయడం రానివారు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లు కూడా అమ్మ మాటను కాగితం మీద పెట్టగలిగే లిపి ఇది.

ఉద్యోగం కోసం నేర్చుకునేవారి దారి వేరు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ స్టెనోగ్రాఫర్ పరీక్షలో గ్రేడ్ 'డి'కి నిమిషానికి 80 మాటలు, గ్రేడ్ 'సి'కి 100 మాటల వేగంతో పది నిమిషాల డిక్టేషన్ ఇస్తారు. అది కావలసినవారు ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, అక్కడ చెప్పిన పద్ధతిని అక్షరం తప్పకుండా పాటించడం మంచిది. నేను చెప్పేది ఇష్టం కొద్దీ నేర్చుకునేవారికి: డైరీ రాసుకోవాలని, అమ్మమ్మ చెప్పే కథను ఆమె మాటల్లోనే పట్టుకోవాలని, సభలో విన్న మంచి ప్రసంగాన్ని పోగొట్టుకోకూడదని అనుకునేవారికి. ఫోనులో రికార్డు చేస్తే సరిపోదా అని అడుగుతారు. రికార్డు చేసినవాటిలో మళ్లీ వినేవి ఎన్ని? చేత్తో రాసిన మాట రాస్తుండగానే మనసులో నాటుకుంటుంది. ఈ విద్య మీద నాకున్న ప్రేమకు కారణం అదే.

ముందు పద్ధతి ఎంచుకోండి

ప్రపంచంలో షార్ట్‌హ్యాండ్ పద్ధతులు చాలా ఉన్నాయి. మీరు మూడింటి గురించి తెలుసుకుంటే చాలు. ఐజాక్ పిట్‌మన్ 1837లో ఇంగ్లండులో ప్రచురించిన పద్ధతిలో సన్న గీత, లావు గీత అనే తేడాతో 'ప'ను, 'బ'ను వేరు చేస్తారు. అచ్చులను గీతల పక్కన చుక్కలుగా, చిన్న గీట్లుగా పెడతారు. జాన్ రాబర్ట్ గ్రెగ్ 1888లో తెచ్చిన పద్ధతిలో లావు, సన్నం తేడా లేదు. గీత పొడవును బట్టి హల్లు మారుతుంది, అచ్చులు చిన్న సున్నలుగా, కొక్కేలుగా గీతల మధ్యనే కలిసిపోతాయి. 1968లో జేమ్స్ హిల్ తయారుచేసిన టీలైన్ ఇంగ్లీషు అక్షరాలను కుదించి రాసే పద్ధతి. దానికి ఆధారం స్పెల్లింగు కాబట్టి తెలుగు రాయడానికి పనికిరాదు.

నా సలహా పిట్‌మన్. మన దేశంలో టైపు ఇన్‌స్టిట్యూట్లు తరతరాలుగా నేర్పింది అదే. మన భాషల షార్ట్‌హ్యాండ్ పద్ధతులు చాలావరకు దాని మీదే నిలబడ్డాయి. పాత పుస్తకాల దుకాణంలో దొరికేదీ అదే. మీ వీధిలో రిటైరైన స్టెనో ఎవరైనా ఉంటే ఆయనకు వచ్చినదీ అదే. గ్రెగ్ రాతలో ప్రవాహం ఉంది, చూడటానికి అందంగా ఉంటుంది. కానీ అనుమానం వస్తే అడగడానికి మన వైపు మనిషి దొరకడు.

అచ్చయిన తెలుగు షార్ట్‌హ్యాండ్ పుస్తకాలు, ఇన్‌స్టిట్యూట్లలో నేర్పే తెలుగు పద్ధతులు ఉన్నాయి. కింద నేను చెప్పేది వాటి నకలు కాదు. ఇంగ్లీషు పిట్‌మన్ గీతలను మార్చకుండా, వాటి మీదే ఇంటి తెలుగును కూర్చోబెట్టే ఏర్పాటు ఇది. రేపు ఇంగ్లీషు రాయాలనిపిస్తే నేర్చుకున్న గీత ఒక్కటీ వృథా పోదు.

సామాను

మెత్తటి పెన్సిలు, రూళ్లున్న నున్నటి కాగితం. ఇంతకంటే ఏమీ అక్కరలేదు. బాల్‌పెన్నుతో లావు, సన్నం తేడా రాదు. ఒత్తితే సాగే పాళీ ఉన్న సిరా పెన్ను దొరికితే అదృష్టమే. పైన తీగచుట్ట ఉన్న నోటుబుక్కు అయితే పేజీ తిప్పడం తేలిక. పెన్సిలును గట్టిగా పట్టుకోకండి. లావు గీత అంటే బలమంతా పెట్టి రుద్దడం కాదు, మామూలు గీత కంటే కొంచెం ఒత్తిడి పెంచడం. వేలు నొప్పి పుడుతోందంటే ఒత్తిడి ఎక్కువైనట్టు.

మొదటి గీతలు

పుస్తకాలు ఇంగ్లీషు మాటల పట్టికతో మొదలవుతాయి. మీరు ఇంట్లో పసిపిల్లలు పలికే మాటలతో మొదలుపెట్టండి. పాప, బాబు, కాకి, మామ, నాన్న, తాత: వీటిలో ఒకే హల్లు రెండుసార్లు వస్తుంది కాబట్టి చెయ్యి త్వరగా అలవాటు పడుతుంది.

'ప' అంటే పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి వాలే తిన్నని సన్న గీత. పొడవు సుమారు నాలుగు మిల్లీమీటర్లు. అదే గీత లావైతే 'బ'. నిలువుగా కిందికి దిగే సన్న గీత 'ట', లావైతే 'డ'. కుడి నుంచి ఎడమకు వాలుతూ దిగేది 'చ', లావైతే 'జ'. అడ్డంగా ఎడమ నుంచి కుడికి పోయేది 'క', లావైతే 'గ'. ఎనిమిది ధ్వనులు, నాలుగు దిక్కులు. ఇంత పొందికను చూసినప్పుడు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పలికేటప్పుడు కంఠం కంపించని ధ్వనికి సన్న గీత, కంపించే ధ్వనికి లావు గీత. గొంతు మీద వేలు పెట్టుకుని 'ప', 'బ' అనండి, తేడా వేలికే తెలుస్తుంది. క, గ, చ, జ అని వర్గాలుగా అక్షరాలు దిద్దినవారికి ఇది కొత్త పాఠం కానే కాదు.

పాప రాయాలంటే ఒక 'ప' గీసి ఆగి, మళ్లీ రెండో 'ప' గీయకూడదు. చెయ్యి ఎత్తకుండా, మధ్యలో ఆగకుండా రెట్టింపు పొడవున ఒకే గీత లాగాలి. బాబు కూడా అంతే, లావుగా. కాకి అడ్డంగా పొడుగ్గా. ఈ మూడు మాటలనూ మొదటి రోజు పేజీ నిండా రాయండి. పొడవు అన్నిచోట్లా సమానంగా ఉందో లేదో చూసుకోండి. పిట్‌మన్‌లో పొడవుకు కూడా అర్థం ఉంది. సగం పొడవు గీత, రెట్టింపు పొడవు గీత తరవాతి పాఠాల్లో వేరే ధ్వనులు చెబుతాయి. ఇప్పుడు పొడవు చెడితే అప్పుడు రాత చదవలేరు.

ఇక వంపు గీతలు. 'మ' అడ్డంగా పడుకున్న కమాను, 'న' దాన్ని తిరగేసినట్టు కింది వంపు. మామ రెండు కమానులు, నాన్న రెండు కింది వంపులు. 'ల' కింది నుంచి పైకి ఎడమవైపు వంపుతో లేస్తుంది. 'ర' తిన్నగా, బాగా వాలి, కింది నుంచి పైకి లేస్తుంది. 'చ', 'ర' రెండూ ఒకే వైపు వాలినట్టు కనిపించి మొదట్లో తికమక పెడతాయి. 'చ' పై నుంచి దిగుతుంది, నిలువుకు దగ్గరగా ఉంటుంది. 'ర' పైకి ఎక్కుతుంది, అడ్డానికి దగ్గరగా ఉంటుంది. ఇంగ్లీషులో 'ర'కు కిందికి దిగే వంపు గీత కూడా ఉంది. దాన్ని ముఖ్యంగా 'ర' తరవాత అచ్చు పలకని చోట వాడతారు. మన మాటల్లో 'ర' తరవాత అచ్చు రావడమే ఎక్కువ కాబట్టి తెలుగుకు పైకి ఎక్కేదే చాలు.

'త', 'ద' సంగతి ఆలోచించవలసిందే. ఇంగ్లీషు 'టి', 'డి' మన చెవికి ట, డలుగానే వినిపిస్తాయి. టేబుల్, డాక్టర్ అని రాస్తాం కదా. మరి తాత, దాది ఎక్కడికి పోవాలి? పిట్‌మన్‌లో 'థింక్' మొదటి ధ్వనికి ఎడమవైపు పొట్ట ఉన్న నిలువు వంపు గీత ఉంది. అదే లావైతే 'దిస్' మొదటి ధ్వని. ఈ రెండు మాటల్నీ మనం తెలుగులో రాసిన తీరు చూడండి: ఒకటి 'థి', ఒకటి 'ది'. దారి మన చెవే చూపించింది. వంపు గీతను త, థలకు, లావు వంపును ద, ధలకు కేటాయించండి. తిన్నని నిలువు గీతలు ట, డలకే ఉండనివ్వండి. ళ, ణలకు విడిగా గీతలు పెట్టుకోవద్దు, ల, న గీతలే చాలు. 'కల'నూ 'కళ'నూ వాక్యమే వేరు చేస్తుంది. అంతగా అనుమానం ఉంటే గీత కింద చిన్న టిక్కు పెట్టుకోండి. శ, ష ఒకే గీత. వకు పిట్‌మన్ 'వి' గీత వాడండి. మిగతా హల్లులను పుస్తకంలో చూసి, రోజుకు రెండు చొప్పున చేర్చుకుంటూ పోతే చాలు.

చుక్కలు పెట్టడం

హల్లుల గీత గీశాక అచ్చును దాని పక్కన పెడతాం. గీతకు మూడు చోట్లు ఉంటాయి: మొదలు, నడుమ, చివర. చోటును బట్టి, చుక్కా చిన్న గీటా అన్నదాన్ని బట్టి, లావా సన్నమా అన్నదాన్ని బట్టి అచ్చు తెలుస్తుంది.

మొదటి చోట సన్న చుక్క 'అ', లావు చుక్క 'ఆ'. రెండో చోట సన్న చుక్క 'ఎ', లావు చుక్క 'ఏ'. మూడో చోట సన్న చుక్క 'ఇ', లావు చుక్క 'ఈ'. ఇప్పుడు చుక్కకు బదులు చిన్న గీటు: రెండో చోట సన్నగా 'ఒ', లావుగా 'ఓ'. మూడో చోట సన్నగా 'ఉ', లావుగా 'ఊ'. మొదటి చోటి గీటును ప్రస్తుతానికి ఖాళీగా ఉంచండి, దానికి పని ఉంది. ఇంగ్లీషు పిట్‌మన్‌లో రెండో చోట సన్న గీటుకు 'మచ్'లోని అచ్చు, మొదటి చోట సన్న గీటుకు 'నాట్'లోని అచ్చు ఉంటాయి. ఇంగ్లీషు రాసేటప్పుడు అవే పాటించాలి. తెలుగులో మాత్రం హ్రస్వానికి సన్నం, దీర్ఘానికి లావు అన్న ఒక్క సూత్రమే ఉండేలా నేను సర్దాను.

నిలువు గీతకు, వాలు గీతకు ఎడమవైపు పెట్టిన చుక్కను హల్లు కంటే ముందు, కుడివైపు పెట్టినదాన్ని తరవాత చదవాలి. అడ్డ గీతకు పైన పెడితే ముందు, కింద పెడితే తరవాత. 'మా' అనాలంటే కమాను కింద, మొదట్లో లావు చుక్క. 'ఆమె' అనాలంటే కమాను పైన మొదట్లో లావు చుక్క, కింద నడుమన సన్న చుక్క. ఈ ఒక్క మాటను కాగితం మీద పెట్టి చూసుకుంటే సగం నియమాలు అర్థమైనట్టే.

పాట, పేట, పీట

అసలు వేగం చుక్కలు వదిలేయడంలో ఉంది. చుక్కలు వదిలేసినా మాట ఎలా తెలుస్తుంది? రూలు మీద మాట ఎక్కడ కూర్చుందో చూసి. మాటలో మొదట వచ్చే అచ్చు మొదటి చోటుదైతే గీతను రూలుకు పైన రాస్తారు. రెండో చోటుదైతే రూలు మీద. మూడో చోటుదైతే రూలును కోస్తూ.

పాట, పేట, పీట మూడింటికీ గీతలు ఒకటే: 'ప' తరవాత 'ట'. పాటలో తొలి అచ్చు ఆ, కాబట్టి 'ప' గీత రూలును తాకకుండా పైనే ఆగిపోతుంది. పేటలో ఏ, కాబట్టి 'ప' గీత రూలు మీద ఆగుతుంది. పీటలో ఈ, కాబట్టి 'ప' గీత రూలును కోసుకుంటూ దిగుతుంది. ఒక్క చుక్క కూడా లేకుండా మూడు మాటలు. మరి పూట? ఊ కూడా మూడో చోటుదే, కాబట్టి అదీ రూలును కోస్తూనే వస్తుంది. పీటా పూటా కలిసిపోతాయన్నమాట. అలాంటి చోట చుక్కో గీటో పెట్టాలి. మూడో చోటి అచ్చు రెండు గీతల నడుమ వస్తే దాన్ని రెండో గీతకు ముందు పెడతారన్నది గుర్తుంచుకోండి. 'పీట'లో లావు చుక్క 'ట' చివర, దానికి ఎడమవైపు వస్తుంది. అడ్డ గీతలు మాత్రమే ఉన్న మాటలకు రూలును కోసే స్థానం లేదు, వాటిని రూలు మీదే రాయాలి.

ఇప్పుడు వాక్యం రాయండి: బాబు పాట పాడాడు. లావు వాలు గీత పొడుగ్గా. 'ప' కింద 'ట'. 'ప' కింద లావు నిలువు గీత రెట్టింపు పొడవున. తొలి అచ్చు మూడింటిలోనూ ఆ, కాబట్టి మూడు మాటలూ రూలుకు పైనే మొదలవుతాయి. అన్నీ తిన్నని గీతలే. కుదురుగా వచ్చిందా? అయితే తరవాతి వాక్యం: పాప పీట మీద. పాప పైన, పీట రూలును కోస్తూ, 'మీద'లో కమాను తరవాత వచ్చే లావు వంపు రూలును కోస్తూ. ఈ రెండు వాక్యాలూ చూడకుండా రాయగలిగే వరకు కొత్త పాఠం తెరవకండి.

మన భాషకు సరిపడని నియమాలు

ఇక్కడే చాలామంది తెలుగు రాయలేక ఆపేస్తారు. ఇంగ్లీషు మాటలు ఎక్కువగా హల్లుతో ముగుస్తాయి, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. పిట్‌మన్ సంక్షేప మార్గాలు చాలావరకు మాట హల్లుతో ముగుస్తుందన్న నమ్మకం మీదే కట్టినవి. గీత చివర చిన్న సున్న చుడితే 'స'. కానీ ఆ 'స' తరవాత అచ్చు ఉంటే సున్న చుట్టకూడదు, పూర్తి 'స' గీత గీయాలని నియమం. గీతను సగానికి తగ్గిస్తే చివర 'ట' గాని 'డ' గాని చేరినట్టు, దాని తరవాత అచ్చు ఉంటే సగం చేయకూడదు. గీత చివర చిన్న కొక్కెం వంచితే 'న', దానికీ ఇదే షరతు. వీటిని ఉన్నవి ఉన్నట్టు పాటిస్తే తెలుగుకు సున్నా లేదు, కొక్కెమూ లేదు.

అందుకని వాటి పనిని మార్చండి. చివరి సున్నను 'సు'గా చదవండి. బస్సు, ఆఫీసు, కేసు, క్లాసు లాంటి, ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న మాటలు ఒక్కసారిగా కుదురుకుంటాయి. చివరి 'న' కొక్కేన్ని ను, ని విభక్తులకు ఇవ్వండి: బాబును అంటే పొడుగు లావు గీత చివర కొక్కెం. సగం గీతను మాట మధ్యలో మాత్రమే వాడండి, మాట చివర వద్దు. ఇంగ్లీషు రాసేటప్పుడు మళ్లీ పాత నియమాలే. చెయ్యి రెండు అలవాట్లనూ పట్టుకుంటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే నాలుకకు లేని తికమక చేతికి ఎందుకు వస్తుంది?

రోజూ వందసార్లు వచ్చే మాటలకు కురచ రూపాలు పెట్టుకోవాలి. ఇంగ్లీషులో వీటిని గ్రామలాగ్ అంటారు, పుస్తకంలో పట్టిక ఉంటుంది. తెలుగుకు మీ పట్టిక మీరే తయారుచేసుకోండి. గారు అనడానికి 'గ' గీత ఒక్కటే. చెప్పారు అంటే 'చ', 'ప'. కాబట్టి, అంటే, మీద, నుంచి, అన్నారు, ఉంది, లేదు: ఒక్కొక్కదానికి ఒకటి రెండు గీతలు. పది పదిహేనుతో ఆపండి. మొదటి ఉత్సాహంలో వంద పెట్టుకుంటే నెల తిరిగేసరికి ఏ గీత దేనిదో మీకే తెలియదు.

ఆ పట్టికను నోటుబుక్కు మొదటి పేజీలో మామూలు అక్షరాలతో రాసి ఉంచండి. శామ్యూల్ పెపీస్ అనే ఇంగ్లండు అధికారి 1660 నుంచి 1669 వరకు తన డైరీని థామస్ షెల్టన్ షార్ట్‌హ్యాండ్‌లో రాశాడు. కేంబ్రిడ్జిలో ఉన్న ఆ డైరీని 1819 నుంచి 1822 వరకు జాన్ స్మిత్ అనే ఆయన కూర్చుని విప్పాడు. ఆ పద్ధతి వివరాలున్న పుస్తకం పెపీస్ గ్రంథాలయంలోనే ఉందని ఆయనకు తెలియదు. మీ డైరీ మీ మనవలకు అందాలంటే తాళంచెవి కూడా అదే బుక్కులో ఉండాలి.

రాసినంత చదవండి

ఈ మాట పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించుకున్నా తప్పులేదు. అరగంట సాధనలో పావుగంట చదవడానికే పోవాలి. ఈ రోజు రాసినది రేపు చదవండి, వారం తరవాత మళ్లీ చదవండి. రాసిన వెంటనే చదివితే మీరు చదివేది గీతలను కాదు, జ్ఞాపకాన్ని. ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఆగిన చోటల్లా కారణం వెతకండి. చాలాసార్లు కారణం మూడింటిలో ఒకటి అవుతుంది: లావు, సన్నం తేడా రాలేదు, పొడవు తప్పింది, లేదా రూలు మీద చోటు తప్పింది. నాలుగోది వేగం. చేతకాని వేగంతో రాస్తే గీతలన్నీ ఒకే వైపు వాలిపోతాయి. అచ్చు పుస్తకంలోని షార్ట్‌హ్యాండ్ పాఠాలను పైకి చదివి, చూసి రాసి, తరవాత ఎవరితోనైనా చదివించుకుని రాయండి. ఈ వరస మార్చకండి.

డిక్టేషన్

ఇంట్లో చదివేవారు ఉంటే అంతకంటే కావలసింది లేదు. వదినో, తమ్ముడో, పక్కింటి పిన్నిగారో దినపత్రిక చదివితే చాలు. ఎవరూ లేకపోతే మీరే ఫోనులో నింపాదిగా చదివి రికార్డు చేసుకోండి. ఇంగ్లీషుకు ఇరవై మాటలకు ఒక అడ్డగీటు పెట్టి, నిమిషానికి 40 మాటల వేగం కావాలంటే ప్రతి గీటుకు ముప్పై సెకన్లు పట్టేలా చదవాలి. తెలుగుకు మాటల లెక్క న్యాయం కాదు. 'నా' ఒక మాటే, 'వెళ్లిపోయినప్పటికీ' కూడా ఒక మాటే. అందుకని అక్షరాలు లెక్కపెట్టండి. నిమిషానికి 100 అక్షరాలతో మొదలుపెట్టి, ఇరవై చొప్పున పెంచండి. మామూలు సంభాషణ అంతకంటే ఎంతో వేగంగా నడుస్తుంది, కంగారు పడకండి. ఆకాశవాణి తెలుగు వార్తలు వినడానికి బాగుంటాయి కానీ మొదటి నెలల్లో రాయడానికి కాదు. వాటిలో ఊరి పేర్లు, మనుషుల పేర్లు మాత్రం పట్టుకోవడం మంచి ఆట. మాట తప్పిపోతే వెనక్కి వెళ్లకండి, ఆ చోటు ఖాళీగా వదిలి ముందుకు సాగండి. ఖాళీ తరవాత నింపవచ్చు, వదిలేసిన వాక్యం మళ్లీ రాదు.

మనుషులు మాట్లాడుతుండగా రాసేటప్పుడు వాళ్లకు ముందే చెప్పండి. పెద్దవాళ్లు పాత సంగతులు చెబుతున్నప్పుడు, 'నాన్నమ్మా, రాసుకోనా?' అని అడిగితే ఎంత సంతోషంగా చెబుతారో చూడండి.

ఒడియా మాటలు కలిసినప్పుడు

మన ఊళ్లలో తెలుగు వాక్యంలో ఒడియా మాట రాకుండా పూట గడవదు. మొదటి చోటి గీటును ఖాళీగా ఉంచమన్నది ఇందుకే. ఒడియాలో హల్లుతో సహజంగా వచ్చే అచ్చు మన 'అ' కాదు, మన 'ఒ' కూడా కాదు, రెండింటికీ నడుమది. ఇంగ్లీషు పిట్‌మన్‌లో మొదటి చోటి గీటు ఇలాంటి ధ్వనికే ఉంది. ఘొరొ (ఇల్లు) రాయాలంటే 'గ' తరవాత, 'ర' తరవాత ఆ గీటే పెట్టండి.

తెలుగు మాటల్లో ఘ, ధ, భ లాంటి ఒత్తక్షరాలను ఒత్తు లేకుండా రాసినా పోయేదేమీ లేదు. ఒడియాలో వదలకూడదు: దానొ అంటే దానం, ధానొ అంటే వరి. ఒత్తు వినిపించిన హల్లు గీతను చిన్న గీటుతో కోయండి.

ఈ ప్రాంతంలో చెవిని నమ్ముకుని లిపి పెట్టుకున్నవారు మనకు ముందే ఉన్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజనుల నోటి నుంచి వింటూ వాళ్ల భాష నేర్చుకుని, దాన్ని తెలుగు లిపిలో రాసి పాఠాలు తయారుచేశారు. తెలుగును మాట్లాడినట్టు రాయాలని ఆయన పట్టుబట్టడం వెనక ఆ చెవే ఉందని నా నమ్మకం. 1936లో, పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన సంవత్సరమే, మాంగేయ్ గొమాంగో సవర భాష కోసం సొరాంగ్ సొంపెంగ్ అనే కొత్త లిపినే రూపొందించారు. మీ నోటుబుక్కులో ఒక కొత్త గుర్తు పెట్టుకోవడానికి సందేహించకండి.

తోడు

కోర్టుల్లో, కలెక్టరేట్లలో స్టెనోలుగా చేసి రిటైరైన పెద్దలు జిల్లా కేంద్రాల్లో ఇంకా కనిపిస్తారు. తెలుగువారైతే 'మాస్టారూ' అని, ఒడియావారైతే 'ఆగ్యా' అని పలకరించి ఒక పేజీ చూపించండి. వాళ్ల చేతికి ఒక్క నిమిషంలో తెలిసే తప్పు మనకు నెల తరవాత తెలుస్తుంది. ఇంగ్లీషు గీతలు వాళ్లతో దిద్దించుకోండి, తెలుగు సర్దుబాట్ల గురించి వాళ్లు వేరే దారి చెబితే వినండి, నచ్చితే మార్చుకోండి. అటువంటివారు దొరకకపోతే దూరం నుంచే నేర్చుకోండి. 1840లో బ్రిటన్‌లో పెన్నీ తపాలా రాగానే పిట్‌మన్ చేసింది అదే. పాఠాలు పోస్టులో పంపి, విద్యార్థులు రాసి పంపినవి దిద్ది తిరిగి పంపేవాడు. మనం ఫోటో తీసి ఫోనులో పంపుకోవచ్చు.

అక్కా చెల్లెళ్లో, ఇద్దరు స్నేహితులో కలిసి మొదలుపెడితే ఇంకా మంచిది. వారానికి ఒకసారి నోటుబుక్కులు మార్చుకోండి. ఎదుటివారి పేజీని చుక్కలు లేకుండా ఉన్నచోట కూడా పైకి చదవాలి, రాసినవారు నోరు మెదపకూడదు. ఆగిన మాటను ఇద్దరూ కలిసి మళ్లీ గీసి, దానికి ఏ చుక్క తప్పనిసరో నిర్ణయించుకుని, మొదటి పేజీ పట్టికలో చేర్చండి. పేజీ మొత్తం ఆగకుండా చదవగలిగిన వారం నుంచి డిక్టేషన్‌లో నిమిషానికి మరో ఇరవై అక్షరాలు పెంచండి.